నలభై మంది క్లాసులో డిబేట్ పెడితే మాట్లాడేది ఆరుగురే. ఏం చేయాలి?

డిగ్రీ_లెక్చరర్: 40 మంది, 45 నిమిషాల పీరియడ్. అనుకూలం, వ్యతిరేకం అని రెండు జట్లు చేస్తే అటు ముగ్గురు, ఇటు ముగ్గురు గొంతు చించుకుంటారు, మిగతావాళ్లు చప్పట్లు కొడతారు. అందరి నోరూ తెరిపించే పద్ధతి ఉందా?

చాక్‌పీసు: రెండు పెద్ద జట్లు వద్దు సార్. నలుగురేసి పది గుంపులు చేయండి, ప్రతి గుంపులో ఇద్దరు అటు, ఇద్దరు ఇటు. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో జాన్సన్ సోదరులు డేవిడ్, రోజర్ తయారుచేసిన పద్ధతి, స్ట్రక్చర్డ్ అకడమిక్ కాంట్రవర్సీ అంటారు. గెలుపోటములు ఉండవు.

టైము ఇలా: నియమాలకు 3 నిమిషాలు, వాళ్ల పక్షం గురించి మీరు ఇచ్చిన అరపేజీ కాగితం చదివి ఇద్దరూ కలిసి వాదన కూర్చుకోవడానికి 8. ఒక్కో పక్షానికి 3 నిమిషాలు, ఎదుటివాళ్లు రాసుకోవాలే తప్ప అడ్డు రాకూడదు. ప్రశ్నలకు 6. తర్వాత పక్షాలు మార్చుకోవాలి: సిద్ధం కావడానికి 2, చెప్పడానికి చెరో 2. ఆపైన ఎవరి పక్షమూ పట్టకుండా ఉమ్మడి తీర్మానం రాయడానికి 10, క్లాసుకు వినిపించడానికి 5.

సివిక్స్_మేడమ్: అంశం సరిగ్గా లేకపోతే టైమ్‌టేబుల్ ఎంత బాగున్నా దండగే. 'ఉచిత విద్యుత్తు మంచిదా చెడ్డదా' అంటే అందరూ ఉపన్యాసాలిస్తారు. 'వ్యవసాయ బోర్లకు మీటర్లు బిగించాలి' అనండి, అవునో కాదో తేల్చాల్సి వస్తుంది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో సాగుకు 24 గంటల ఉచిత కరెంటు ఉంది కాబట్టి భూగర్భజలాలు, డిస్కమ్‌ల (కరెంటు పంపిణీ సంస్థల) బకాయిలు, రైతు ఖర్చు అన్నీ చర్చలోకి వస్తాయి. రెండు పక్షాల కాగితాల్లోనూ బలమైన అంకెలుండాలి. ఒకటి పేలవంగా ఉంటే ఆ జట్టు ఓడేది వాదనలో కాదు, మీ కాగితంలో.

చాక్‌పీసు: అసలు చిక్కు పక్షాలు మార్చేటప్పుడు. పిల్లలు ఎదుటి వాదాన్ని వెటకారంగా చెప్పి తేల్చేస్తారు. అందుకే ఒక నియమం పెట్టండి: 'మేం చెప్పింది ఇదే' అని అవతలి జంట ఒప్పుకున్నాకే ముందుకు వెళ్లాలి. తీర్మానంలో 'రెండు వైపులా న్యాయముంది' అనే వాక్యం ఒప్పుకోకండి. కుదిరిన ప్రతి మాటకూ ఒక ఆధారం, కుదరని చోట 'ఇక్కడ కుదరలేదు, ఎందుకంటే' అని ఒక వాక్యం రాయించండి. ఆ రెండోదే నాకు ముఖ్యం.

డిగ్రీ_లెక్చరర్: ఆ రోజు 38 మందే వస్తే?

సివిక్స్_మేడమ్: ఏడు గుంపులు నలుగురేసి, రెండు ఐదుగురేసి. ఐదోవాళ్లు గడియారం చూస్తూ తీర్మానం రాయాలి. వాళ్లను ఏదో ఒక పక్షంలో కలిపితే ముగ్గురున్న వైపు ఒకరు మౌనంగా కూర్చుంటారు.