పోస్టు ఎందుకు తీసేశారని అడిగితే మ్యూట్ చేస్తారా?

పాతలెన్స్:
కెమెరాల గురించి మాట్లాడుకునే ఒక పెద్ద గ్రూపులో చాలాకాలంగా ఉన్నాను. కొత్తగా చేరినావిడ ఒకరు తన లెన్స్ లోపల సాలెగూడులా తెల్లటి పోగులు కనిపిస్తున్నాయని ఫోటో పెట్టి, ఏం చేయాలని అడిగారు. అది ఫంగస్. పట్టించుకోకపోతే అద్దం మీది కోటింగ్‌ను తినేస్తుంది. ఆ లెన్స్‌ను మిగతావాటికి దూరంగా పెట్టమని, మూత గట్టిగా పట్టే డబ్బాలో సిలికా జెల్ వేసి తేమ 40-50 శాతం మధ్య ఉండేలా చూసుకోమని వివరంగా రాశాను. తేమ కొలవడానికి నేను వాడే మీటర్ పేరు కూడా చెప్పాను. లింకు ఇవ్వలేదు.

పొద్దున చూస్తే పోస్టు లేదు. "నియమం 6 ఉల్లంఘన" అని ఒక్క ముక్క వచ్చింది. నియమం 6 అంటే సొంత ప్రచారం. ఆ మీటర్ కంపెనీకీ నాకూ ఏ సంబంధమూ లేదు. అదే చర్చలో ఒక సీనియర్ సభ్యుడు తన రిపేరు షాపు లింకు పెట్టుకున్నారు, దాన్ని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. కారణం ఏమిటని అక్కడే మర్యాదగా అడిగాను. "మోడరేషన్ నిర్ణయాలపై బహిరంగ చర్చ కుదరదు" అని మ్యూట్ చేశారు. విడిగా మెసేజ్ పెడితే ఉలుకూ పలుకూ లేదు. ఇలాంటప్పుడు ఇంకెవరికి చెప్పుకోవాలి?

రాత్రిడ్యూటీ:
నేను వేరే గ్రూపులో మోడరేటర్‌ని. బ్రాండ్ పేరు కనబడగానే ఆటోమేటిక్ ఫిల్టర్ పట్టేసి ఉంటుంది, మనిషి చూసి ఉండకపోవచ్చు. ఇది జీతం లేని పని. రోజంతా బూతులు, స్పామ్ ఏరిపారేసేసరికే ఓపిక అయిపోతుంది. అయినా ఆ షాపు లింకు ఉంచేయడాన్ని నేను సమర్థించను. పాతవాళ్ల జోలికెళ్తే గొడవని వదిలేస్తుంటారు, అసలు రోగం అక్కడే ఉంది. మా దగ్గర పోస్టు తీసినవాళ్లు కాకుండా ఇంకొకరు అప్పీలు చూస్తారు. దాంతో తగాదాలు బాగా తగ్గాయి.

తెరచాటు:
వికీపీడియా చూడండి. ఎవరిని, ఎవరు, ఏ కారణంతో నిరోధించారో ఆ చిట్టా అందరికీ కనబడుతుంది. నిరోధించిన తర్వాత కూడా మామూలుగా సొంత చర్చాపేజీలో విన్నపం రాసుకోవచ్చు, వేరే నిర్వాహకుడు చూస్తాడు. పోస్టులు తీసేసేటప్పుడు కంపెనీలు ఎలా నడుచుకోవాలో చెబుతూ పౌర సంఘాలు, పరిశోధకులు కలిసి రాసిన 2018 నాటి శాంటా క్లారా సూత్రాలు అడిగిందీ ఇలాంటిదే: ఎన్ని తీశారో లెక్క చెప్పాలి, తీసినప్పుడు కారణం తెలపాలి, అప్పీలుకు అవకాశం ఇవ్వాలి. 2024 ఫిబ్రవరి నుంచి పూర్తిగా అమలవుతున్న ఐరోపా యూనియన్ డిజిటల్ సేవల చట్టం ప్రకారమైతే ఏ నియమం కింద తీశారో, యంత్రం పట్టుకుందో లేదో కూడా చెప్పాలి.

పాతలెన్స్:
@రాత్రిడ్యూటీ, మీ కష్టం నాకు అర్థమవుతుంది. ఫిల్టర్ పొరపాటు పడితే పడింది, దాన్ని సరిదిద్దమని అడిగే చోటు ఉండాలి కదా. బహిరంగంగా అడగొద్దంటే విడిగా అడిగినప్పుడైనా జవాబివ్వాలి. రెండు తలుపులూ మూసేస్తే ఎలా?

రాత్రిడ్యూటీ:
అది నిజమే. ఒక్కరికే మెసేజ్ పెట్టకండి, మోడరేటర్లందరికీ చేరే ఉమ్మడి ఇన్‌బాక్స్ ఉంటే అందులో రాయండి. తీసేసిన పోస్టు పూర్తి పాఠం, మీకొచ్చిన నోటీసు స్క్రీన్‌షాట్ జతచేయండి. షాపు లింకు సంగతి అందులో కలపకుండా వేరే రిపోర్టుగా పెట్టండి. కలిపితే మీ అప్పీలు పక్కకెళ్లి ఆయన మీద ఫిర్యాదుగా మిగులుతుంది.