సకల జనుల సమ్మె 42 రోజులు: దెబ్బ ఎవరికి తగిలింది?

పాలమూరు కూలి: ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యోగులు, టీచర్లు, ఆర్టీసీ, సింగరేణి కార్మికులు చేసిన సమ్మె, 2011 సెప్టెంబర్ 13న మొదలై అక్టోబర్ 24న ఆగింది. దాని వల్లే తెలంగాణ వచ్చిందంటారు. నాకు ఒప్పుకోబుద్ధి కాదు. ఆగిన రోజు చేతికొచ్చిందేమీ లేదు. తెలంగాణ ఇవ్వాలన్న కాంగ్రెస్ వర్కింగ్ కమిటీ తీర్మానం 2013 జులై 30న, అంటే 21 నెలల తర్వాత. సమ్మె రోజుల్లో బస్సుల్లేక మా అమ్మ షేర్ ఆటోకు మూడింతలిచ్చి అడ్డాకు పోయేది, పని దొరక్క తిరిగొచ్చేది. రాష్ట్రం నాకూ కావాలనే ఉండేది. కానీ దెబ్బ తగిలింది ఉద్యోగులకు కాదు, కూలీలకు.

బొగ్గుబాయి బిడ్డ: ఉద్యోగులకు కాదా అన్నా? మా నాన్న సింగరేణి కార్మికుడు. బాయి దిగకపోతే జీతం లేదు. ఆ దసరాకు మా ఇంట్లో కొత్త బట్టల మాటే ఎవరూ ఎత్తలేదు. కిరాణా షావుకారు మా పేరు మీద రెండో ఖాతా పుస్తకం తెరిచాడు. బతుకమ్మ మాత్రం ఆడారు. బస్సులు ఆగితే మన ఊళ్లకే ఇబ్బంది. బొగ్గు ఆగితే వేరు. మా బొగ్గుతో నడిచే రామగుండం కరెంటు దక్షిణాది రాష్ట్రాలన్నిటికీ పోతుంది. ఢిల్లీలో చలనం వచ్చింది అందుకే.

ఎండిన మడి: ఆ కరెంటే మా బోరుకూ రావాలి కదా తమ్ముడూ! అక్టోబర్‌లో వరి పొట్టకొచ్చి ఉంది. కరెంటు ఎప్పుడొస్తుందో తెలీక రాత్రంతా మోటారు దగ్గరే పడుకునేవాళ్లం. అయినా రెండు మడులు ఎండాయి. రామగుండం అప్పట్లో ఉన్న కరీంనగర్ జిల్లానే మాదీ. ఢిల్లీ సంగతి ఏమో గానీ ముందు కాలింది మా కడుపే.

పంతులమ్మ: నేను సమ్మెలో ఉన్న టీచర్ని. తర్వాత ఆదివారాలు కూడా క్లాసులు చెప్పి సిలబస్ లాక్కొచ్చాం. మా పిల్లలు ట్యూషన్లకు పోలేనివాళ్లు, ఆ పదో తరగతి బ్యాచ్ గుర్తొస్తే ఇప్పటికీ మనసు బాగుండదు. కానీ 2009 డిసెంబర్ 9న తెలంగాణ ఇస్తామని, 23న మాట మార్చిన కేంద్రానికి ఇంకా వినతిపత్రాలు ఇస్తూ కూర్చోవాలా?

కృష్ణా ఒడ్డు: గుంటూరు నుంచి వచ్చి అప్పుడు హైదరాబాద్ హాస్టల్లో ఉండేవాణ్ని. నన్నెవరూ ఏమీ అనలేదు, అది చెప్పాలి. కానీ 2011 మార్చి 10న ట్యాంక్‌బండ్ మీద విగ్రహాలు కూలిన దగ్గర్నుంచీ ఇంట్లో టెన్షన్. బస్సులో ఫోన్ మాట్లాడకురా, యాస పట్టేస్తారు అనేవాడు నాన్న. 2013లో మావైపు సమైక్యాంధ్ర సమ్మె రెండు నెలలు దాటింది. బడుల్లేవు, బస్సుల్లేవు. విభజన ఆగిందా? అందుకే సమ్మెతో రాష్ట్రాలు వస్తాయన్నా, ఆగుతాయన్నా నేను నమ్మను.

బొగ్గుబాయి బిడ్డ: మీ దగ్గర బొగ్గు బావులు లేవు సార్, తేడా అదే.

పాలమూరు కూలి: సరే, మీ షావుకారు ఖాతా ఎప్పుడు తీరింది?

బొగ్గుబాయి బిడ్డ: సంక్రాంతి దాటింది. మీ అమ్మకు ఆ రోజుల కూలి ఎవరూ తిరిగివ్వలేదు, అక్కడ నా దగ్గర జవాబు లేదు. సమ్మె వల్ల ఏమీ రాలేదంటే మాత్రం ఒప్పుకోను.