కంప్యూటర్‌తో ఎమోషన్స్ మోడల్ చేయించడం: పని చేసినవాళ్లు మీ అనుభవాలు చెప్పండి

ఎంటెక్_సీత:
అందరికీ నమస్తే. ఫైనలియర్ ప్రాజెక్టు కోసం అడుగుతున్నాను. తెలుగు మీడియంలో ఎనిమిది, తొమ్మిది చదివే పిల్లలకి బీజగణితం నేర్పే ట్యూటర్ సాఫ్ట్‌వేర్ చేస్తున్నాం, అది పిల్లల మూడ్‌ని బట్టి నడవాలని మా ఆలోచన. టీమ్‌లో ఒకరు వెబ్‌క్యామ్ పెట్టి ముఖంలో కోపం, భయం, అసహ్యం, సంతోషం, బాధ, ఆశ్చర్యం అనే ఆరు ఎమోషన్స్ పట్టేద్దాం, రెడీమేడ్ లైబ్రరీలు ఉన్నాయిగా అంటున్నారు. ఇంకొకరు గొంతు చాలంటున్నారు. నా సందేహం వేరే. "కోపం 0.83" అని వస్తే ఆ తర్వాత సాఫ్ట్‌వేర్ ఏం చేయాలి? ఆ పిల్ల కోపం లెక్క మీదా, మా యాప్ మీదా, పక్కన గోల చేస్తున్న తమ్ముడి మీదా అన్నది ఆ నంబర్ చెప్పదు కదా. ఈ దారిలో పని చేసినవాళ్లు ఏం చూశారో రాయండి, థియరీ అయినా సరే, చేదు అనుభవం అయినా సరే.

రాత్రిషిఫ్ట్:
కాల్ సెంటర్ క్వాలిటీ టీమ్‌లో చేశాను, కంపెనీ పేరు వద్దు. ప్రతి కాల్‌కీ గొంతును బట్టి ఎమోషన్ స్కోర్ వేసే సాఫ్ట్‌వేర్ ఉండేది. మామూలుగానే గట్టిగా మాట్లాడేవాళ్లు, పొలం దగ్గర నుంచో బస్టాండ్ నుంచో ఫోన్ చేసి అరిచి మాట్లాడేవాళ్లు, అందరూ "కోపం" కింద ఎర్రగా వచ్చేవాళ్లు. నిజంగా మండిపోయి ఉన్న మనిషి మాత్రం చాలా నెమ్మదిగా "సరేనండీ, ఇంక మీరేం చెప్పక్కర్లేదు, ఉంటాను" అని పెట్టేసేవాడు, అది "న్యూట్రల్" అని పచ్చగా వచ్చేది. పిచ్, గొంతు బలం, మాట వేగం, వీటి నుంచి మనిషి ఎంత ఉద్రేకంగా ఉన్నాడో బాగానే తెలుస్తుంది, అది మంచి ఉద్రేకమో చెడ్డదో తేల్చడమే కష్టం. సంబరంతో అరిచినా కోపంతో అరిచినా సిగ్నల్ దాదాపు ఒకేలా పైకి లేస్తుంది. పైగా ఆ స్కోరుని ఏజెంట్ల ఇన్సెంటివ్‌కి ముడిపెట్టారు. తెల్లవారుజామున నాలుగింటికి తిట్లు తింటూ కూడా నవ్వు గొంతుతో మాట్లాడాల్సిందే, లేకపోతే డబ్బులు కట్. అది అన్యాయం అని అప్పుడూ చెప్పాను, ఇప్పుడూ చెప్తున్నాను.

భావన_ల్యాబ్:
రాత్రిషిఫ్ట్ గారు చెప్పింది స్పీచ్ రంగంలో అందరూ చూసేదే. సీత గారూ, గొంతు దారిలో వెళ్తే మన భాషకి డేటా లేదనుకోకండి. ఐఐటీ ఖరగ్‌పూర్ వాళ్లు 2009లో తెలుగులోనే ఒక ఎమోషన్ స్పీచ్ కార్పస్, అంటే రికార్డు చేసిన మాటల సేకరణ, బయటపెట్టారు. విజయవాడ ఆకాశవాణి కళాకారులు 10 మంది, ఐదుగురు ఆడవాళ్లు, ఐదుగురు మగవాళ్లు. 15 మామూలు వాక్యాలు, ఒక్కోటి 8 ఎమోషన్స్‌లో, 10 సెషన్లలో. మొత్తం 12,000 రికార్డింగులు. కోపం, జాలి, అసహ్యం, భయం, సంతోషం, ఆశ్చర్యం, న్యూట్రల్, వీటితోపాటు వెటకారం కూడా పెట్టారు. తెలుగువాళ్ల మాటలో వెటకారం వదిలేస్తే సగం మాట వదిలేసినట్టే కాబట్టి ఆ ఎంపిక నాకు చాలా నచ్చింది.

కానీ అది నటించిన డేటా, వాక్యాలు కావాలనే ఏ భావమూ లేనివి తీసుకున్నారు. నేను రివ్యూ చేసే స్టూడెంట్ ప్రాజెక్టుల్లో ఎక్కువగా కనబడేది ఏంటంటే, ఒకే ఆర్టిస్ట్ గొంతు మోడల్‌కి నేర్పే ట్రెయినింగ్‌లోనూ ఉంటుంది, టెస్ట్‌లోనూ ఉంటుంది, యాక్యురసీ ఆకాశంలో ఉంటుంది. ఒక ఆర్టిస్టుని పూర్తిగా పక్కనపెట్టి ట్రెయిన్ చేసి, ఆ గొంతు మీద టెస్ట్ చేయండి. అప్పుడు వచ్చే నంబర్ నిజానికి దగ్గర.

గేమ్‌డెవ్_గుంటూరు:
మీరంతా ఎమోషన్‌ని గుర్తుపట్టడం గురించి మాట్లాడుతున్నారు. మోడల్ చేయడం అంటే అది కాదు. ఎమోషన్ ఎందుకు పుడుతుందో రాయాలి. మేం గేమ్ క్యారెక్టర్లకి ఓసీసీ మోడల్ వాడాం: ఆర్టనీ, క్లోర్, కాలిన్స్ అని ముగ్గురు 1988లో రాసింది, అందులో 22 ఎమోషన్లు ఉంటాయి. ముఖాలతో గొంతులతో దానికి పని లేదు. మూడే ప్రశ్నలు: జరిగింది నా లక్ష్యానికి మంచిదా చెడ్డదా, చేసినవాళ్లు చేసిన పని మెచ్చుకోదగ్గదా తప్పుపట్టదగ్గదా, ఎదురుగా ఉన్న వస్తువో మనిషో నాకు ఇష్టమా కాదా.

ఇంటర్ రిజల్ట్స్ తీసుకోండి. రిజల్ట్ రాకముందు ఆశ, భయం రెండూ ఉంటాయి, వాటి బలం పాసయ్యే అవకాశాన్ని బట్టి, ఆ పాసు ఆ పిల్లవాడికి ఎంత ముఖ్యం అన్నదాన్ని బట్టి మారుతుంది. రిజల్ట్ వచ్చాక భయం కాస్తా "హమ్మయ్య" అవ్వచ్చు, లేదా భయపడ్డదే నిజమవ్వచ్చు. ఆశ తృప్తి అవ్వచ్చు, నిరాశ అవ్వచ్చు. పేపర్ దిద్దినవాళ్లు తప్పు చేశారని తెలిస్తే, బాధకి "ఇది వాళ్ల తప్పు" అన్నది కలిసి కోపం అవుతుంది. అదే తన తప్పే అనుకుంటే బాధ పశ్చాత్తాపం వైపు పోతుంది. మార్కుల మెమో అదే, కారణం ఎవరిది అన్న ఒక్క వేరియబుల్ మారింది, ఎమోషన్ మారిపోయింది. సీత గారు అడిగిన "కోపం ఎవరి మీద" అన్నదానికి ఇందులో చోటు ఉంది, ముఖమో గొంతో చూసి ఎమోషన్ పేరు చెప్పే క్లాసిఫయర్‌లో లేదు.

ప్రాక్టికల్‌గా చెప్పాలంటే ఎమోషన్ పుట్టాక టైమ్‌తోపాటు తగ్గాలి, లేకపోతే క్యారెక్టర్ నిన్నటి కోపంతోనే రేపటిదాకా తిరుగుతుంది. చిన్న చిన్న ఎమోషన్లు పోగుపడి మూడ్ అవ్వాలి. దానికి 2005లో గెబ్‌హార్డ్ చేసిన ఆల్మా మోడల్ చూడండి, ఎమోషన్, మూడ్, పర్సనాలిటీ మూడూ వేరు వేరు పొరలుగా పెట్టాడు. ఎమోషన్ వచ్చాక మనిషి దాంతో ఏం చేస్తాడు, అంటే ఎదుర్కొంటాడా, తప్పించుకుంటాడా, "పోతే పోయిందిలే" అని సర్దుకుంటాడా, ఇది కావాలంటే గ్రాచ్, మార్సెల్లా ఇద్దరూ చేసిన ఈఎంఏ అనే మోడల్ చదవండి. పిల్లల ట్యూటర్‌కి అసలు పనికొచ్చేది అదే అని నా అభిప్రాయం.

ఎంటెక్_సీత:
అన్నా, గేమ్‌లో క్యారెక్టర్ లక్ష్యం మీరే రాస్తారు. నిజం పిల్లవాడి లక్ష్యం మాకెలా తెలుస్తుంది? ఒకరికి లెక్క అర్థం కావాలి, ఇంకొకరికి హోంవర్క్ అయిపోతే చాలు.

మాధవి_టీచర్:
నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్తాను, కంప్యూటర్లు నాకంతగా తెలియవు, పిల్లల ముఖాలు తెలుసు. నవ్వుతూ తల ఊపి "అర్థమైంది టీచర్" అనే పిల్లకి చాలాసార్లు ఒక్క ముక్క కూడా ఎక్కి ఉండదు, మళ్లీ అడిగితే తిడతానని భయం. కనుబొమలు ముడేసి, మూతి బిగించి, కోపంగా ఉన్నట్టు కూర్చున్నవాడు లెక్కలో మునిగి ఉంటాడు, వాణ్ణి కదిలించకూడదు. మూడో పీరియడ్ తర్వాత వాడిపోయిన ముఖం విసుగు కాకపోవచ్చు, పొద్దున ఏమీ తినకుండా వచ్చి ఉంటాడు. నేను ముఖం కంటే నోట్‌బుక్ చూస్తాను. రాసి కొట్టేసి, రాసి కొట్టేసి ఉంటే వాడు ఇంకా పోరాడుతున్నాడని అర్థం. పక్కవాడిది దించేసిన శుభ్రమైన పేజీ అయితే వాడు వదిలేశాడు. మీ సాఫ్ట్‌వేర్ ఆ కొట్టివేతలు చూడగలిగితే చాలమ్మా.

భావన_ల్యాబ్:
టీచర్ గారు చెప్పింది పరిశోధన చెప్పేదానికి ఎంత దగ్గరో! అమెరికాలో మెంఫిస్ యూనివర్సిటీలో గ్రేసర్ బృందం ఆటోట్యూటర్ అని ఒక ట్యూటర్ సిస్టమ్ చేసింది, దాని మీద డిమెల్లో, గ్రేసర్ వగైరా ఏళ్ల తరబడి చూసింది ఏంటంటే, చదువుకునేటప్పుడు ఆ పేరున్న ఆరు ఎమోషన్లు పెద్దగా కనబడవు. కనబడేవి లీనమవడం, తికమక, విసుగెత్తిన చిరాకు, బోర్. తికమక చెడ్డది కాదు, విడిపోతే పిల్లవాడు మళ్లీ లీనమవుతాడు, ఎంతకీ విడిపోకపోతే చిరాకు అవుతుంది, చిరాకు ముదిరితే బోర్‌లోకి జారతాడు. బోర్ పట్టుకుంటే వదలదు, 2010లో బేకర్, డిమెల్లో వాళ్ల పేపర్ ప్రకారం చదువుకి చిరాకు కంటే అదే ఎక్కువ చేటు. కాబట్టి సిస్టమ్ కనిపెట్టాల్సింది "తికమక ఎంతసేపటి నుంచి ఉంది" అన్నది.

కెమెరా లేకుండా లాగ్స్‌తోనే, అంటే పిల్లవాడు సాఫ్ట్‌వేర్‌లో చేసిన పనుల రికార్డుతోనే, ఇది చేసినవాళ్లున్నారు: జవాబుకి పట్టిన సమయం, వరసగా ఎన్ని తప్పులు, హింట్ చదివాడా లేక టకటకా నొక్కి జవాబు రప్పించుకున్నాడా. పిల్లవాడు ఏ స్థితిలో ఉన్నాడో చెప్పే లేబుల్స్ కోసం శిక్షణ ఉన్న పరిశీలకులు క్లాసులో కూర్చుని, ఒక్కో పిల్లవాణ్ణి 20 సెకన్ల వరకు ఓరకంట చూసి రాసుకుంటారు, ఆ పద్ధతిని బ్రాంప్ అంటారు. మాధవి టీచర్ లాంటివాళ్లు మీ పరిశీలకులు కావాలి. సీత గారూ, మీ లక్ష్యం ప్రశ్నకి కూడా కొంత జవాబు ఇక్కడే ఉంది, హింట్లని జవాబు కోసమే నొక్కేవాడి లక్ష్యం హోంవర్క్ అవ్వడమే.

కెమెరా_వైపు:
ముఖాన్ని మరీ అంత తీసిపారేయకండి. ముఖం కదలికని కొలవడం ఒకటి, దాన్నుంచి మనసుని ఊహించడం ఇంకొకటి. మొదటిది బాగా పనిచేస్తుంది. ఎక్‌మన్, ఫ్రీసెన్ అనే సైకాలజిస్టులు 1978లో ముఖ కండరాల కదలికలకి నంబర్లు ఇచ్చారు: కనుబొమలు కిందికి దించితే 4, బుగ్గలు పైకి లేస్తే 6, పెదవుల అంచులు లాగితే 12. డ్రైవర్‌కి కునుకు పడుతోందా అని కారు కెమెరా చూడడం నేను పనిచేసిన రంగం, అది మనుషుల్ని కాపాడుతుంది. తికమకకి కనుబొమలు దించడంతో సంబంధం ఉందని ఆటోట్యూటర్ వాళ్లే రాశారు. రెండోదానికి మాత్రం నేనూ పూచీ పడను. 2019లో సైకాలజిస్ట్ లీసా ఫెల్డ్‌మన్ బారెట్, మరికొందరు కలిసి పాత పరిశోధనలన్నీ తిరగేశారు, కోపం వచ్చినప్పుడు మనుషులు ముఖం చిట్లించేది సుమారు 30 శాతం సార్లే అని తేలింది. చిట్లించినప్పుడల్లా కోపమూ కాదు. టీచర్ గారి కుర్రాడే సాక్ష్యం.

కూచిపూడి_అక్క:
పిల్లలకి నాట్యం నేర్పుతాను. ఒకసారి ఎవరో ఎమోషన్ డేటాసెట్ కోసం మా శిష్యుల ముఖాలు రికార్డ్ చేస్తామని వచ్చారు. సందర్భం ఏంటని అడిగితే "సందర్భం వద్దండీ, కోపం పెట్టమనండి చాలు" అన్నారు. నాట్యశాస్త్రంలో ఎనిమిది స్థాయీభావాలు (నిలిచి ఉండేవి), ముప్పైమూడు వ్యభిచారీ భావాలు (వచ్చి పోయేవి), ఎనిమిది సాత్త్విక భావాలు (కన్నీరు, వణుకు లాంటివి) ఉన్నాయి, కానీ అన్నిటికంటే ముందు విభావం ఉండాలి, అంటే కారణం. సత్యభామ కోపానికీ హిరణ్యకశిపుడి కోపానికీ కళ్లొక్కటే చూస్తే ఏం తెలుస్తుంది? ఆమె కోపంలో ప్రేమ ఉంది, అనుమానం ఉంది, అలక ఉంది. గుంటూరు తమ్ముడు చెప్పిన మూడు ప్రశ్నలు చదివితే నాకు విభావమే గుర్తొచ్చింది. ఇంకోమాట, అభినయం చివరి వరసలో కూర్చున్నవాళ్లకి కనబడాలని చేసేది. ఇంట్లో, ఆఫీసులో మనం పెట్టే ముఖం చాలాసార్లు ఎదుటివాళ్లకి కనబడకూడదని పెట్టేది. మొదటిది చూపించి నేర్పితే ఆ యంత్రానికి రెండోది ఎలా తెలుస్తుందమ్మా?

లేబుల్_పని:
తెలుగు కామెంట్లకి ఎమోషన్ లేబుల్ వేసే పని చేశాను. "ఏడిపించేశావ్ అన్నా" అంటే ఒకరు బాధ అన్నారు, నేను మెచ్చుకోలు అన్నాను. "చంపేశావ్ పో" కూడా అంతే, ఏ వీడియో కింద ఉందో చూపిస్తే క్షణంలో తేలిపోయేది, కానీ మాకు కామెంట్ ఒక్కటే ఇచ్చేవాళ్లు. ముగ్గురిలో ఇద్దరు ఏది అంటే అది ఖాయం, ముగ్గురూ మూడు చెప్తే ఆ వాక్యం చెత్తబుట్టకి. నా బాధల్లా ఆ చెత్తబుట్ట గురించే. మనుషులకి కూడా తేలనివే అసలైన తెలుగు వాక్యాలు, వాటిని తీసేసి మిగిలిన తేలిక వాటి మీద మోడల్‌కి మార్కులు వేస్తున్నారు. మీ ప్రాజెక్టులో ముగ్గురి అభిప్రాయాలూ దాచండి, ఒక్కదానికి కుదించకండి.

ఇదంతా_ఎందుకు:
ఇప్పుడున్న చాట్‌బాట్‌ని అడిగితే పోలా? పిల్లవాడు టైప్ చేసింది ఇచ్చి ఏ ఎమోషనో చెప్పమంటే చెప్తుంది, ఓదారుస్తుంది కూడా.

గేమ్‌డెవ్_గుంటూరు:
ఓదార్పు మాట రాయడానికి వాడుకోవచ్చు, తప్పులేదు. మాటలు బాగుంటే మనుషులు అవతల మనసుందనుకుంటారు, 1966లో వైజెన్‌బామ్ చేసిన ఎలైజా అనే తొలినాటి చాట్‌బాట్ ఎదుట కూడా జనం మనసు విప్పారు, అదేమో నాలుగు ప్యాటర్న్‌లు చూసి మన మాట మనకే తిప్పి చెప్పేది. కానీ ఈ పిల్లవాడు గత వారం ఇదే రకం లెక్క దగ్గర ఆగిపోయాడు, అప్పుడు హింట్ కాదు, ఉదాహరణ ఇస్తే కదిలాడు అన్నది ఎక్కడో ఒకచోట లెక్కగట్టి ఉండాలి. అది చాట్‌బాట్ బయట మీరు రాసుకోవాల్సిన స్టేట్, అంటే ఆ పిల్లవాడి గురించి గుర్తుంచుకునే సమాచారం.

స్టుట్‌గార్ట్_నుంచి:
కెమెరా అనుకునేవాళ్లు చట్టం కూడా చూసుకోండి. యూరప్ ఏఐ చట్టం ప్రకారం పని చేసే చోట, చదువుకునే చోట ముఖం, గొంతు లాంటి శరీర సంబంధ డేటాతో ఎమోషన్ ఊహించడం 2025 ఫిబ్రవరి 2 నుంచి నిషేధం, వైద్యం, భద్రత కారణాలు తప్ప. మా ఆఫీసులో అలాంటి డెమో ఒకటి ఉండేది, తీసేశారు. మైక్రోసాఫ్ట్ 2022లోనే తన ఫేస్ సర్వీస్ నుంచి ఎమోషన్ ఊహించే భాగాన్ని ఉపసంహరించుకుంది. మన దేశంలో 2023 డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు పిల్లల డేటాకి తల్లిదండ్రుల అనుమతి అడుగుతుంది, పిల్లల ప్రవర్తన మీద నిఘా వద్దంటుంది, చదువుకి మినహాయింపులు ఉన్నాయి కాబట్టి మీ గైడ్‌తో కూర్చుని చదవండి. రాత్రిషిఫ్ట్ గారు చెప్పిన కాల్ సెంటర్ ఏజెంట్ల స్కోరు ఇక్కడైతే నడవదు.

ఎంటెక్_సీత:
అందరికీ చాలా థ్యాంక్స్, టీమ్‌కి ఇదంతా చూపించాను. కెమెరా తీసేశాం. నాలుగే స్థితులు: లీనం, తికమక, చిరాకు, బోర్. లాగ్స్‌తోపాటు స్క్రీన్ మీద "నాకు అర్థం కాలేదు" అన్న బటన్ ఒకటి, అది నొక్కితే మార్కులు తగ్గవని అక్కడే రాస్తాం. తికమక కొద్దిసేపే అయితే సాఫ్ట్‌వేర్ నోరు మూసుకుని ఉంటుంది. సాగితే ఉదాహరణ ఇస్తుంది. బోర్ అనిపిస్తే లెక్క రకం మారుస్తుంది. స్థితి ఏమిటన్నది పిల్లలకి గానీ టీచర్‌కి గానీ స్కోరుగా చూపించం.

మాధవి_టీచర్:
మంచి పని. ఒక్కటి గుర్తుపెట్టుకో తల్లీ, మా పిల్లల్లో చాలామందికి ఇంట్లో ఉండేది ఒకే ఫోన్. లెక్క మధ్యలో నాన్నకి కాల్ వస్తుంది, చెల్లి లాక్కుంటుంది. పది నిమిషాలు జవాబు రాకపోతే బోర్ కొట్టిందనుకుంటే ఎలా?

గేమ్‌డెవ్_గుంటూరు:
యాప్ వెనక్కి వెళ్లినా, స్క్రీన్ ఆఫ్ అయినా, కాల్ వచ్చినా అక్కడ టైమర్ ఆపేయండి, ఆ ముక్కని లెక్కలోంచి తీసేయండి. చెల్లి లాక్కుని ఆడితే మాత్రం లాగ్‌కి తెలియదు. తిరిగి వచ్చినప్పుడు "ఇప్పుడు ఎవరు?" అని రెండు బొమ్మలు చూపించి నొక్కమనండి.