పిల్లల ఊళ్లో అద్దెకు ఉండాలా, ఇల్లు అమ్మి అక్కడే ఫ్లాట్ కొనాలా?

నరసరావుపేట మాస్టారు:
నేను టీచరుగా రిటైరయ్యాను. పెన్షన్ చేతికి 46 వేలు వస్తుంది. నరసరావుపేటలో 180 గజాల్లో సొంతిల్లు ఉంది. కింద మేమిద్దరం ఉంటాం, పై పోర్షన్ 8 వేలకు అద్దెకిచ్చాం. అమ్మాయి, అల్లుడు హైదరాబాద్ మియాపూర్‌లో ఉంటారు. ఇద్దరివీ ఉద్యోగాలే, మనవడికి నాలుగేళ్లు. పోయినేడాది మా ఆవిడకు మోకాలి ఆపరేషన్ అయినప్పుడు అమ్మాయి నెల రోజులు ఆఫీసుకీ ఇక్కడికీ మధ్య నలిగిపోయింది. అప్పటినుంచి "వచ్చేయండి నాన్నా" అని ఒకటే పోరు. వాళ్లింట్లో మాత్రం ఉండం. నడిచి వెళ్లేంత దూరంలో విడిగా ఉంటాం.

ఇల్లు అమ్మితే 75 లక్షలు వస్తుందంటున్నారు. మియాపూర్‌లో పాత అపార్ట్‌మెంట్లో రెండు బెడ్‌రూముల ఫ్లాట్ 65 లక్షలు చెబుతున్నారు. అదే అద్దెకైతే 20 వేలు, మెయింటెనెన్స్ 2,500. ఏం చేయమంటారు?

రిటైర్డ్ బ్యాంకు క్యాషియర్:
మాస్టారూ, ముందు లెక్క చూద్దాం. 65 లక్షల ఫ్లాట్‌కు తెలంగాణలో రిజిస్ట్రేషన్ ఖర్చే 7.5 శాతం, అంటే దాదాపు 4 లక్షల 90 వేలు. బ్రోకరు కమిషన్, రంగులు, చిన్నాచితకా రిపేర్లు కలిపితే మీ 75 లక్షలూ అక్కడే అయిపోతాయి. అత్యవసరానికి చేతిలో ఏమీ మిగలదు.

ఇల్లు ఉంచుకుని కింది పోర్షన్ కూడా 9 వేలకు ఇచ్చారనుకోండి. పెన్షన్‌తో కలిపి 63 వేలు. మియాపూర్ అద్దె, మెయింటెనెన్స్ పోను 40,500 మిగులుతుంది. ఫ్లాట్ కొంటే మెయింటెనెన్స్ పోను 43,500. నెలకు మూడు వేల తేడా కోసం ఇల్లు అమ్ముకోవాలా?

నన్నడిగితే అమ్మేసి, ఫ్లాట్ కొనకుండా అద్దెకే ఉండటం ఇంకా మేలు. రెండు పోర్షన్ల అద్దె ఏడాదికి 2 లక్షల 4 వేలు. 75 లక్షల ఆస్తి మీద అది మూడు శాతం కూడా కాదు. అమ్మిన డబ్బులోంచి కేంద్ర ప్రభుత్వ సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీములో ఒకరు 30 లక్షల దాకా వేయొచ్చు. నేను 30 లక్షలూ 8.2 శాతానికి వేశాను, మూడు నెలలకోసారి 61,500 వస్తోంది. ఆ వడ్డీ మీద పన్ను ఉంటుంది. ఇల్లు మీ పేరున ఉండి, ఆ డబ్బు అమ్మగారి పేరున వేస్తే దాని వడ్డీ కూడా మీ ఆదాయంలోనే కలుపుతారు. వేరే ఇల్లు కొనకపోతే అమ్మకం లాభం మీద కూడా పన్ను పడుతుంది. 2024 జులై 23కు ముందు సంపాదించిన ఇల్లు కాబట్టి నేరుగా 12.5 శాతమో, ఇండెక్సేషన్‌తో (కొన్న ధరను ద్రవ్యోల్బణం మేరకు పెంచి లాభం లెక్కేయడం) 20 శాతమో, ఏది తక్కువైతే అది కట్టొచ్చు. బేరం కుదరకముందే ఆడిటరుకు చూపించండి.

మియాపూర్ కిరాయిదారు:
పెద్దవాళ్లకు కిరాయి బతుకు అంత తేలిక కాదండి. పదకొండు నెలల అగ్రిమెంట్ అయిపోగానే "మా అబ్బాయి వస్తున్నాడు, ఖాళీ చేయండి" అంటారు. మా అమ్మానాన్నలు నాలుగేళ్లలో మూడు ఇళ్లు మారారు. మూడోసారి సామాను దించేటప్పుడు నాన్న మెట్ల మీద కూర్చుండిపోయారు. ఏటా ఏడు శాతం పెంచితే 20 వేలు పదేళ్లకు 39 వేలు దాటుతుంది. ఎనభై ఏళ్లవాళ్లు టూలెట్ బోర్డులు చూసుకుంటూ తిరగ్గలరా? ఖర్చు ఎక్కువైనా సరే, కొనండి.

వరంగల్ అమ్మమ్మ:
అన్నయ్యగారూ, నా సంగతి విని ఆలోచించండి. మావారు పోయాక హన్మకొండలో ఇల్లు అమ్మాను. అబ్బాయి బెంగళూరులో ఫ్లాట్ తీసుకుంటుంటే ఆ డబ్బంతా అందులో పెట్టాను. పత్రంలో నా పేరు రాయించాలని వాడికీ తట్టలేదు, నాకూ తట్టలేదు. మూడేళ్లు బాగానే ఉన్నాం. తర్వాత వాడి కంపెనీ పుణెకు పంపింది. ఫ్లాట్ అద్దెకిచ్చారు, ఆ అద్దె లోను వాయిదాకే పోతుంది. మా వాడు మంచివాడు, కోడలు నన్ను ఒక్క మాట అనదు. కానీ భాష రాని మూడో ఊళ్లో ఉన్నాను. తిరిగి వెళ్దామంటే నాకంటూ ఇల్లు లేదు.

మీరు వెళ్తున్నది అమ్మాయి కోసం. రేపు వాళ్లకు ఇంకో ఊళ్లో ఉద్యోగం వస్తే మియాపూర్ ఫ్లాట్‌లో ఎవరికోసం ఉంటారు? అద్దె ఇల్లైతే నెల ముందు చెప్పి కదలొచ్చు.

ఇంకో సంగతి. మీరూ, క్యాషియర్‌గారూ 46 వేల పెన్షన్ మీద లెక్క వేస్తున్నారు. మావారి తర్వాత నాకు వచ్చే ఫ్యామిలీ పెన్షన్ ఆయన తీసుకున్నదాంట్లో సగానికి కాస్త ఎక్కువ, అంతే. రేపు మీ ఆవిడ ఒక్కరే ఉంటే ఏ అద్దె కట్టగలరో అది కూడా ఇప్పుడే రాసి చూసుకోండి. ఊళ్లో ఇల్లుంటే, నెలనెలా వచ్చే అద్దె ఆవిడకు ఆసరా.

ఆస్తి ఎవరి పేరునైనా రాసిచ్చేటప్పుడు మమ్మల్ని చూసుకోవాలన్న షరతు దస్తావేజులోనే రాయించండి. అలా రాసి ఉండి, చూసుకోకపోతే 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం 23వ సెక్షన్ కింద ఆర్డీవో దగ్గరి ట్రిబ్యునల్‌లో ఆ దస్తావేజు రద్దు చేయమని అడగొచ్చు. నాకు ఇది తెలిసేసరికి రాయించడానికి ఏమీ మిగల్లేదు.

ఒక కొడుకు, నల్లగండ్ల:
మా నాన్న అద్దెలో సగం నేను కడతానంటే ఒప్పుకోలేదు. మనవరాలిని స్కూలు బస్సు దగ్గర దించి, సాయంత్రం తీసుకొచ్చి, మాకు డేకేర్ ఫీజు మిగులుస్తున్నారు. దానికి లెక్క కట్టరేం? మాస్టారూ, అమ్మాయి ఇస్తానంటే కాదనకండి.

మియాపూర్ కిరాయిదారు:
అమ్మా, మీ మాట చదివాక నా మాట కొంచెం మార్చుకుంటున్నాను. కిరాయికైతే ఓనరు అదే బిల్డింగులో ఉండే ఇల్లు వద్దు, "ఆ ఇల్లు మా సొంతానికి వాడుకోము" అని చెప్పే ఎన్నారై ఓనరును చూడండి. అగ్రిమెంట్‌లో ఏటా ఎంత పెంచుతారో అంకె రాయించండి. ఏడాది దాటిన ఒప్పందమైతే రిజిస్టర్ చేయించుకోవాలి. ఖర్చైనా మూడేళ్లకు రాయించుకోండి.

నరసరావుపేట మాస్టారు:
అందరికీ నమస్కారం. రాత్రి వరంగల్ అమ్మమ్మగారు రాసింది మా ఆవిడ రెండుసార్లు చదివించుకుంది. ఇల్లు అమ్మడం లేదు. క్యాషియర్‌గారి లెక్క సరైనదే, కానీ మా ఆవిడ ఒక్కతే మిగిలితే వెళ్లి తలుపు తీసుకోవడానికి ఒక ఇల్లుండాలి. కింది పోర్షన్ కూడా ఇప్పుడే ఇవ్వం. ఏడాదిపాటు ఆ 9 వేలు వదులుకుంటాం. అప్పుడు నెలకు 31,500 మిగులుతుంది, సరిపెట్టుకోగలం. అద్దెలో అమ్మాయిని ఎంతిమ్మని అడగాలో ఇంకా నోరు రావడం లేదు.

మియాపూర్ తమ్ముడూ, వచ్చే ఆదివారం ఇళ్లు చూడటానికి వస్తున్నాం. మోకాలి వల్ల మా ఆవిడ మెట్లు ఎక్కలేకపోతోంది, లిఫ్ట్ తప్పనిసరి. కరెంటు పోతే లిఫ్ట్‌కు జనరేటర్ ఉన్న అపార్ట్‌మెంట్లు మీకు తెలిసినవి ఉంటే రాయండి.