ఇంగ్లండ్‌లోని చెల్టెన్‌హామ్‌లో జరిగే గుర్రాల జంప్ రేసులు మళ్లీ మూడు రోజులకి కుదిస్తే నష్టమా?

రేసుల రాజు:
మార్చిలో నాలుగు రోజులు, 28 రేసులు. 2005కి ముందు మూడే రోజులు. నన్నడిగితే ఆ నాలుగో రోజు వచ్చాకే పస తగ్గింది. 2016లో వోటూర్ అనే గుర్రం సంగతే చూడండి. పరిగెడితే అన్నిటికన్నా పెద్ద రేసైన గోల్డ్ కప్‌లోనే, లేకపోతే ఇంట్లోనే అన్నట్టు మాట్లాడిన యజమాని రిచ్ రిచీ, తీరా సమయానికి దాన్ని గురువారం జరిగే రయనైర్ చేజ్ అనే ఇంకో రేసుకి మార్చేశాడు. గోల్డ్ కప్ అంటే మూడుంపావు మైళ్ల పైమాట, దూకాల్సిన ఫెన్సులు (అడ్డుకంచెలు) 22. ఇదేమో రెండున్నర మైళ్ల పైచిలుకు. హాయిగా గెలిచింది. గోల్డ్ కప్ అని నమ్మి ముందే కాసిన నా ఇరవై పౌండ్లు గంగలో కలిశాయి. ఆ రయనైర్ కూడా 2005లో పెట్టిందే!

గ్లాస్టర్ గోదావరి:
రాజన్నా, ఇది వాదనా, ఇరవై పౌండ్ల ఏడుపా? 😄 రోజులు పెరగబట్టే కదా ఆడగుర్రాలకంటూ మేర్స్ హర్డిల్ అనే రేసు వచ్చింది. క్వెవెగా అనే గుర్రం దాన్ని 2009 నుంచి 2014 దాకా వరసగా ఆరుసార్లు కొట్టింది. మూడు రోజులే ఉంటే ఆ ముచ్చట ఎక్కడిది?

రేసుల రాజు:
ఆరుసార్లు, నిజమే. మరి మగగుర్రాలతో కూడా పోటీపడే పెద్ద రేసు ఛాంపియన్ హర్డిల్‌లో ఒక్కసారైనా దిగిందా? డాన్ రన్ కూడా ఆడగుర్రమే. 1984లో ఛాంపియన్ హర్డిల్, 1986లో గోల్డ్ కప్. రెండూ గెలిచిన గుర్రం ఇప్పటికీ అదొక్కటే. తేలిక దారి ఉంటే దాన్నీ అటే తోలేవాళ్లు.

బ్రిస్టల్ బుజ్జి:
ఇంకో ఆడగుర్రం హనీసకుల్‌ని మర్చిపోయారు. 2020లో మేర్స్ హర్డిల్, ఆ తర్వాతే 2021, 2022 ఛాంపియన్ హర్డిల్స్. మూడింటిలోనూ జాకీ రేచల్ బ్లాక్‌మోరే. కొందరికి అది తప్పించుకునే దారి, కొందరికి మెట్టు.
నేను మంగళవారానికే వెళ్తా. మొదటి రేసు మొదలయ్యేలా గీత దగ్గర టేపు ఎగరగానే స్టాండ్లన్నీ ఒక్కసారిగా అరిచే అరుపుంది చూశారూ, అప్పుడు పక్కాయన గిన్నిస్ బీరు సగం నా కోటు మీదే! 2021లో జనాన్ని రానివ్వలేదు, ఆ అరుపూ లేదు. రేసు చప్పగా అనిపించింది.

రేసుల రాజు:
ఆ జనమే తగ్గుతున్నారమ్మా. 2022లో నాలుగు రోజులకీ కలిపి దాదాపు 2,80,000 మంది. 2025కి అది 2,19,000 దగ్గరికి పడింది.

గ్లాస్టర్ గోదావరి:
గది అద్దె చూశావా ఆ వారం? గుండె గుభేలుమంటుంది. జనం రాకపోవడానికి అది చాలదా? మా చుట్టాలైతే మా హాల్లోనే పడుకుంటారు.

రేసుల రాజు:
సరే, హనీసకుల్ మొహం చూసి మేర్స్ హర్డిల్ వదిలేస్తున్నా. రయనైర్ మాత్రం ఎత్తేయాల్సిందే. గోదావరీ, వచ్చే మార్చికి మీ హాల్లో చోటుందా?