రౌటర్ సెట్టింగ్స్ పేజీ తెరుచుకోవట్లేదు

ప్రశ్న: ఓఎన్‌టీ (ఫైబర్ లైన్ వచ్చి చేరే పెట్టె) నుంచి కేబుల్ కొత్త రౌటర్ వ్యాన్ (WAN, బయటి నెట్ వచ్చే) పోర్టుకు పెట్టాను. వైఫై వస్తోంది, నెట్ లేదు. ఫోన్‌లో 192.168.1.1 కొడితే పేజీ తిరుగుతూనే ఉంది.

జవాబు 1: ముందు మొబైల్ డేటా ఆపండి. వైఫైలో నెట్ లేకపోతే ఫోన్ దానంతటదే డేటాకు మారిపోతుంది, పేజీ రాదు. వైఫై వివరాల్లో గేట్‌వే అని ఉన్న నంబరే కొట్టండి. ల్యాప్‌టాప్‌లో 169.254తో మొదలయ్యే అడ్రస్ కనిపిస్తే రౌటర్ దానికి ఐపీ (నెట్‌వర్క్ అడ్రస్) ఇవ్వలేదన్నమాట. ల్యాప్‌టాప్ నుంచి రౌటర్ ల్యాన్ (LAN, ఇంట్లో పరికరాలకు వాడే) పోర్టుకు కేబుల్ పెట్టి చూడండి.

జవాబు 2: నెట్ రాకపోవడానికి నా అనుమానం వేరే. ఓఎన్‌టీ అడ్రస్ కూడా 192.168.1.1 అయితే రెండూ ఢీకొంటాయి. పేజీ తెరుచుకున్నాక రౌటర్ ల్యాన్ ఐపీని 192.168.2.1కి మార్చి, రీస్టార్ట్ చేయండి.

జవాబు 3: రీసెట్ చేయాల్సి వస్తే రౌటర్‌నే చేయండి, పిన్నుతో 10 సెకన్లు నొక్కి. ఓఎన్‌టీ జోలికి మాత్రం వెళ్లొద్దండీ, కనెక్షన్ సెట్టింగ్స్ చెరిగిపోతే టెక్నీషియన్ రావాల్సిందే.