అమ్మా నాయనా వస్తున్నారు, కేబుల్ పెట్టించాలా?

కర్నూలు, ఇప్పుడు ఫ్రిస్కో:

అందరికీ నమస్కారం. మాది కర్నూలు, వెంకటరమణ కాలనీ. పోయిన నెలే అమెరికాలో డాలస్ పక్కనున్న ఫ్రిస్కోకు వచ్చాం. నేను, మా ఆవిడ, ఐదేళ్ల పాప. వచ్చే నెల అమ్మ, నాయన ఆరు నెలలు ఉండేలా వస్తున్నారు. అమ్మకు పొద్దు గూకితే సీరియళ్లు పడాల్సిందే. నాయనకు లేస్తూనే వార్తలు. నాకు క్రికెట్ ఉంటే చాలు. ఇంటర్నెట్ కోసం ఫోన్ చేస్తే, టీవీ కూడా కలిపి రెండేళ్లకు సంతకం పెట్టండి, చవకలో పోతుంది అని ఒకటే పోరు. ఆఫీసులో ఒకాయనేమో ఓ బాక్స్ కొనుక్కో, వెయ్యి ఛానళ్లు జీవితాంతం వస్తాయి అంటున్నాడు. కర్నూల్లో కేబుల్ అబ్బాయి నెలనెలా ఇంటికొచ్చి డబ్బు తీసుకెళ్తే పనైపోయేది. ఇక్కడ ఏం చేయాలో తోచట్లేదు. ముందే వచ్చినవాళ్లు కాస్త చెప్పండి.

కడప, ఇప్పుడు ప్లేనో:

తమ్ముడూ, ఆ రెండేళ్ల సంతకం మాత్రం పెట్టొద్దు. ఇంటర్నెట్ ఒక్కటే తీసుకో. వాళ్లు చవక అని చెప్పేది మొదటి ఏడాది రేటు. ఆ తర్వాత వచ్చే బిల్లులో బాక్స్ అద్దె ఒక వరుస, స్పోర్ట్స్ ఫీజు ఒక వరుస, బ్రాడ్‌కాస్ట్ టీవీ ఫీజు ఇంకో వరుస. ఈ చివరిదాని సంగతి తెలిస్తే ఒళ్లు మండుతుంది. గాల్లో ఊరికే వచ్చే లోకల్ ఛానళ్లను తన వైరులో చూపించాలంటే కేబుల్ కంపెనీ ఆ స్టేషన్ల అనుమతి తీసుకోవాలి. 1992 నాటి కేబుల్ చట్టం స్టేషన్లకు ఇచ్చిన హక్కు అది. స్టేషన్లు దానికి డబ్బు అడుగుతాయి, కంపెనీ ఆ డబ్బు మన బిల్లులో రాస్తుంది. కిటికీ దగ్గర యాంటెనా పెట్టుకుంటే పైసా లేకుండా వచ్చేదానికి నెలనెలా కట్టడమన్నమాట.

లీజు కాగితం కూడా ఒకసారి చదువు. కొన్ని అపార్ట్‌మెంట్లలో అద్దెతో పాటే కేబుల్, ఇంటర్నెట్ కలిపి వసూలు చేస్తారు. అట్లా రాసి ఉంటే వద్దన్నా తప్పదు. మళ్లీ విడిగా కొంటే దండగ.

ఇక యాంటెనా. మనవాళ్లకు ఆ పేరు చెబితేనే చిన్నచూపు. మిద్దె మీద అల్యూమినియం కడ్డీలు, పైన ఒకరు తిప్పుతుంటే కింద ఇంకొకరు "వచ్చింది, వచ్చింది, ఆ... పోయింది" అని అరవడం, తెర నిండా చుక్కలు, అవే గుర్తొస్తాయి. అమెరికాలో ఆ కథ 2009 జూన్ 12తో ముగిసింది. పెద్ద స్టేషన్లన్నీ ఆ రోజుకల్లా అనలాగ్ ఆపేసి డిజిటల్‌కు మారిపోయాయి. ఇప్పుడు యాంటెనాలో వచ్చేది హెచ్‌డీ బొమ్మ. కేబుల్ వాళ్లు కుదించి పంపేదానికన్నా చాలాసార్లు ఇదే బాగుంటుంది. కాకపోతే మధ్యరకం లేదు. సిగ్నల్ చాలితే బొమ్మ పూర్తిగా వస్తుంది, చాలకపోతే ముక్కలు ముక్కలై నిలిచిపోతుంది.

డాలస్ వాళ్లకు ఒక సౌకర్యం ఉంది. పెద్ద స్టేషన్ల టవర్లు దాదాపు అన్నీ ఒకేచోట, ఊరికి నైరుతిలో సీడర్ హిల్ దగ్గర ఉన్నాయి. ఫ్రిస్కో నుంచి సుమారు 40 మైళ్లు, దక్షిణం వైపు. కాబట్టి దక్షిణం కిటికీ ఏదో చూసుకో. ఇల్లు వెతికేటప్పుడు వాస్తు కోసం దిక్కులు చూసే ఉంటావు, ఆ లెక్క ఇప్పుడు అక్కరకొస్తుంది. ఛానల్ నంబర్లు ఇవీ: 4 ఫాక్స్, 5 ఎన్‌బీసీ, 8 ఏబీసీ, 11 సీబీఎస్, 13 పీబీఎస్. ఇవి వస్తే అమెరికా టీవీ సగం వచ్చినట్టే. 13 పక్కనే 13.2 అని ఇంకో ఛానల్ ఉంటుంది, అందులో పిల్లల కార్యక్రమాలు వస్తాయి, పాప ఇంగ్లీషుకు కూడా మంచిది. మీ అడ్రస్ కొడితే ఏ స్టేషన్ ఎంత బలంగా అందుతుందో చూపే మ్యాపు ఎఫ్‌సీసీ (ఇక్కడ టీవీ, ఫోన్ల మీద అజమాయిషీ చేసే ప్రభుత్వ సంస్థ) వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉంది. కొనేముందు అది చూడు. డబ్బా మీద రెండొందల మైళ్లు, మూడొందల మైళ్లు అని రాసినవి నమ్మొద్దు. అరవై, డెబ్బై మైళ్లు దాటితే నేల వంపే అడ్డం వస్తుంది, దానికి ఏ యాంటెనా ఏం చేస్తుంది?

బిగించడం పెద్ద పనేం కాదు. వైరు తెచ్చి టీవీ వెనక యాంటెనా రంధ్రానికి తిప్పి బిగించు. సెట్టింగ్స్‌లో ఛానళ్ల స్కాన్ దగ్గర "యాంటెనా" లేదా "ఎయిర్" అని ఎంచుకో. అలవాటు కొద్దీ "కేబుల్" నొక్కేసి, ఒక్క ఛానలూ రాలేదని యాంటెనాను తిట్టేవాళ్లు బోలెడుమంది. టీవీ ఇక్కడ కొన్నదై ఉండాలి, అందులో ట్యూనరు, అంటే గాల్లో వచ్చే సిగ్నల్‌ను బొమ్మగా మార్చే భాగం, ఉండాలి. కంప్యూటర్ మానిటర్‌కు ట్యూనరు ఉండదు.

అపార్ట్‌మెంట్ ఆఫీసువాళ్లు బాల్కనీలో యాంటెనా పెట్టనివ్వం అంటే భయపడకు. 1996 నుంచి ఎఫ్‌సీసీ నియమం ఒకటుంది. నీ ఒక్కడి వాడకంలో ఉన్న బాల్కనీలో, వరండాలో టీవీ యాంటెనా పెట్టుకోవడాన్ని లీజు గానీ, కాలనీ సంఘం గానీ ఆపకూడదు. అందరిదీ అయిన కప్పు మీదా, బయటి గోడ మీదా పెడతానంటే కుదరదు. గోడకు చిల్లులు పెట్టే పని లేకుండా స్టాండు వేసుకో.

ఇంకొక మాట. వసంతంలో ఇక్కడ టోర్నడో సైరన్లు మోగుతాయి. ఆ పూట లోకల్ స్టేషన్లు మామూలు కార్యక్రమాలు ఆపేసి, ఏ వీధి మీదుగా పోతోందో మ్యాపు పెట్టి చెబుతూనే ఉంటాయి. ఇంటర్నెట్ పోయినా యాంటెనా పలుకుతుంది. నా మటుకు నాకు ఆ ఒక్కదాని కోసమైనా యాంటెనా పెట్టుకోవాల్సిందే.

కేబుల్ బదులు యూట్యూబ్ టీవీ, అంటే కేబుల్ ఛానళ్లనే ఇంటర్నెట్‌లో నెల చందాకు చూపించేది, తీసుకోమని కొందరు చెబుతారు. 2017లో అది 35 డాలర్లకు మొదలైంది, 2025 జనవరిలో 82.99 అయింది. కేబుల్ మానేసి దానికి కట్టేదానికి కేబులే ఉంచుకోవచ్చు.

అనంతపురం, ఇప్పుడు ఇర్వింగ్:

అన్న చెప్పింది బాగానే ఉంది గానీ, ఆ యాంటెనాలో మీ అమ్మగారికి ఒక్క తెలుగు ముక్క రాదు తమ్ముడూ. ఆరు నెలలు ఇంట్లో కూర్చునేది ఆమె. మొదట ఆమె సంగతి చూడు.

ఇప్పుడే కర్నూలుకు ఫోన్ చేసి అమ్మ చూసే సీరియళ్ల పేర్లు, అవి వచ్చే ఛానళ్లు రాసుకో. ఈటీవీవి ఈటీవీ విన్‌లో, జీ తెలుగువి జీ5లో, జెమినివి సన్ నెక్స్ట్‌లో ఉంటాయి. లైవ్ ఛానళ్లు వరసగా కావాలంటే యప్‌టీవీ. సినిమాలకు అహా. స్టార్ మా వాటికి ఈ దేశంలో హక్కులు ఒకరి దగ్గరి నుంచి ఇంకొకరికి పోతుంటాయి, కాబట్టి సీరియల్ పేరు పెట్టి వెతికి, దొరికాకే డబ్బు కట్టు. అన్నీ ఒక్కసారి కొనొద్దు. నెలకొకటి చొప్పున తీసుకో, ఏడాది చందా జోలికి పోవద్దు. ఇండియాలో ఉన్నదంతా అదే యాప్‌లో ఇక్కడ కూడా ఉంటుందనుకోకు, దేశాన్ని బట్టి మారుతుంది.

లైవ్ మీద మరీ ఆశ వద్దు. కర్నూల్లో రాత్రి ఏడున్నరకు వచ్చే సీరియల్ ఇక్కడ వేసవిలో పొద్దున తొమ్మిదికి, నవంబరులో గడియారం వెనక్కి తిప్పాక ఎనిమిదికి వస్తుంది. అది వంట పని జరిగే వేళ. మా అత్తమ్మ మొదట్లో లైవే చూడాలని పట్టుబట్టారు, తర్వాత మధ్యాహ్నం భోంచేసి నిన్నటి ఎపిసోడ్ తీరిగ్గా చూడ్డం అలవాటైంది. నాయనగారి వార్తలకైతే పైసా ఖర్చు లేదు. టీవీ9, ఎన్‌టీవీ, సాక్షి, ఏబీఎన్, టీవీ5 అన్నీ యూట్యూబ్‌లో లైవ్ ఇస్తాయి. ఎస్‌వీబీసీ కూడా ఉంది. తిరుమలలో తెల్లవారుజామున మూడింటికి సుప్రభాతమైతే ఇక్కడ వేసవిలో ముందు రోజు సాయంత్రం నాలుగున్నర. మా మామయ్యకు అది టీ టైము, అక్కడే కుర్చీ వేసుకుంటారు. నీ క్రికెట్‌కు విల్లో అనే క్రికెట్ ఛానల్ తీసుకో, మన టీమ్ మ్యాచ్‌లు ఎక్కువ అందులోనే వస్తాయి.

ఆ వెయ్యి ఛానళ్ల బాక్స్ గురించి గట్టిగా చెబుతున్నా, వద్దు. అది దొంగ సరుకు. సరిగ్గా ఇండియా పాకిస్తాన్ మ్యాచ్ రోజే ఆగిపోతుంది, అమ్మినాయన ఫోన్ ఎత్తడు. అంతటితో పోతే పర్వాలేదు. ఇలాంటి పేరూ ఊరూ లేని ఆండ్రాయిడ్ బాక్సుల్లో ముందే వైరస్ ఎక్కించి అమ్ముతున్నారని, ఇంట్లో ఇంటర్నెట్‌ను నేరగాళ్లు వాడుకుంటున్నారని 2025 జూన్‌లో ఎఫ్‌బీఐ హెచ్చరించింది. బ్యాడ్‌బాక్స్ 2.0 అని వెతుకు, తెలుస్తుంది. బ్యాంకు పనులు చేసుకునే వైఫైలోకి దాన్ని ఎందుకు తెచ్చుకోవడం? టీవీకి తగిలించి యాప్‌లు చూసే రోకు గానీ ఫైర్ స్టిక్ గానీ కొనుక్కో. కొనేముందు నీకు కావాల్సిన తెలుగు యాప్ దాంట్లో ఉందో లేదో చూసుకో.

డేటా లెక్క కూడా ఒకటుంది. నెట్‌ఫ్లిక్స్ చెప్పే ప్రకారం హెచ్‌డీ గంటకు 3 జీబీ దాకా, 4కే అయితే 7 జీబీ దాకా తింటుంది. కొన్ని కంపెనీలు నెలకు ఇంత డేటానే అని గీత గీస్తాయి. సీరియల్‌కు 4కే ఏం చేసుకుంటాం, హెచ్‌డీలో పెట్టెయ్. ఇంట్లో పెద్దవాళ్లుంటే టీవీ పొద్దస్తమానం నడుస్తూనే ఉంటుంది మరి.

చివరిది రిమోట్. వీళ్లకు యాప్‌లు అర్థం కాక కాదు, ఎక్కడో ఇరుక్కుపోయి బయటికి ఎట్లా రావాలో తెలీక టెన్షన్ పడతారు. మా అత్తమ్మ రిమోట్‌లో హోమ్ బటన్ మీద ఎర్ర నెయిల్ పాలిష్ చుక్క పెట్టాను. ఏమైనా ఆ చుక్క నొక్కితే మొదటికి వచ్చేస్తుంది. మొదటి వరుసలో ఆమెకు కావాల్సిన మూడు యాప్‌లే ఉంచి, తక్కినవి కిందికి తోసేశాను. ఆఫీసులో ఉండగా నాకు ఫోన్లు రావడం ఆగిపోయింది.

కర్నూలు, ఇప్పుడు ఫ్రిస్కో:

అన్నా, అక్కా, చాలా థాంక్స్. ఇంటర్నెట్ ఒక్కటే తీసుకున్నా. షీటులా పల్చగా ఉండే యాంటెనా తెచ్చి హాల్లో దక్షిణం కిటికీ అద్దానికి అంటించా. 4, 5, 11, 13 బ్రహ్మాండంగా వస్తున్నాయి. పాప 13.2 వదలట్లేదు. 8 మాత్రం ఒక్కోసారి ముక్కలవుతోంది, ఒక్కోసారి అసలే రాదు. సిగ్నల్ పెంచే ఆంప్లిఫయర్ కొనమంటారా?

కడప, ఇప్పుడు ప్లేనో:

ఆగు, కొనొద్దు. ఆ 8 కథ వేరు. డాలస్ పెద్ద స్టేషన్లలో తక్కినవి యూహెచ్ఎఫ్‌లో (పొట్టి తరంగాల వరుస) ఉంటే, 8 వీహెచ్ఎఫ్‌లోనే (పొడుగు తరంగాల వరుస) ఉండిపోయింది. తెర మీద కనబడే నంబరుకూ అసలు ఫ్రీక్వెన్సీకీ సంబంధం ఉండాలని లేదు. 4 అని కనబడేది నిజానికి యూహెచ్ఎఫ్‌లో వస్తుంది. 8 మాత్రం నిజంగానే 8. దాని తరంగం పొడవు మీటరున్నర పైనే, యూహెచ్ఎఫ్‌వి అర మీటరు కాస్త అటూ ఇటూ. నీ షీటు చిన్నవాటిని పట్టుకుంటుంది గానీ, ఆ పొడుగుదాన్ని సరిగ్గా పట్టలేదు.

రెండు కడ్డీలు లాగే పాతకాలపు యాంటెనా ఒకటి తెచ్చుకో, రేటు కూడా తక్కువే. ఒక్కో కడ్డీ 15 అంగుళాలు మాత్రమే లాగి, రెండూ అడ్డంగా, ఒకే గీతలో ఉండేటట్టు పరిచి పెట్టు. పైకి నిలబెట్టకు. ఆ గీత తూర్పు పడమరలుగా ఉంటే దాని వెడల్పు టవర్ల వైపు ఉంటుంది. ఆంప్లిఫయర్ అందని సిగ్నల్‌ను పుట్టించలేదు. పొడుగు వైరు వేసినప్పుడో, ఒకే యాంటెనాను రెండు టీవీలకు పంచినప్పుడో వచ్చే నష్టాన్ని పూడ్చడానికే అది. టవర్లకు దగ్గర్లో ఉన్నవాళ్లు పెడితే ఉన్న బొమ్మ కూడా పోతుంది.

అద్దం సంగతి కూడా చూడు. కొత్త అపార్ట్‌మెంట్లలో ఎండ వేడి రాకుండా కిటికీ అద్దాలకు కంటికి కనబడని లోహపు పూత ఉంటుంది. అది సిగ్నల్‌ను కూడా ఆపుతుంది. యాంటెనాను బాల్కనీలోకి మార్చి మళ్లీ స్కాన్ కొట్టు. చోటు మార్చిన ప్రతిసారీ స్కాన్ కొట్టాల్సిందే. షాపులో నెక్స్ట్‌జెన్ టీవీ అని కొత్త ట్యూనరు అంటగడితే ఇప్పుడే తొందరేం లేదు. 2017లో అనుమతి వచ్చిన కొత్త పద్ధతి అది, కొన్ని స్టేషన్లు దాంట్లో తాళం వేసి పంపుతున్నాయి. పాత పద్ధతి ఇంకా నడుస్తూనే ఉంది.

కర్నూలు, తిరిగొచ్చినవాణ్ని:

అమెరికాలో కొన్నేళ్లుండి మళ్లీ కర్నూలు చేరినవాణ్ని కాబట్టి ఈ వైపు సంగతి చెబుతా. మీ అమ్మానాయనలు బయల్దేరేముందు కేబుల్ అబ్బాయికి ఆరు నెలలు ఆపమని నోటిమాటగా కాకుండా వాట్సాప్‌లో రాసి పెట్టు. చూసినా చూడకపోయినా ఛానళ్ల లెక్క మీద ముందే నెట్‌వర్క్ ఫీజు ఉంటుంది. 2019లో ట్రాయ్ (టెలికాం, కేబుల్ రేట్లు చూసే కేంద్ర సంస్థ) కొత్త పద్ధతి వచ్చినప్పుడే మొదటి వంద ఛానళ్లకు 130 రూపాయలు, జీఎస్టీతో 153.40. ఇంటికి తాళం వేసుకుని అది కట్టడం ఎందుకు?

నాయన ఫోన్‌లో సిమ్ రీచార్జ్ మాత్రం ఆపొద్దు. బ్యాంకు ఓటీపీ దానికే వస్తుంది, పాత యాప్ ఖాతాలు తెరవాలన్నా అదే నంబరు అడుగుతాయి. అక్కడ టీవీలోకి మాత్రం నీ అమెరికా ఈమెయిల్‌తో కొత్త ఖాతాలే తెరువు.

ఇంటి సెట్‌టాప్ బాక్స్ అక్కడ దేనికీ పనికిరాదు. అది కూడా సూట్‌కేసులో పెట్టుకుంటారేమో, ముందే వద్దని చెప్పు. ఆ చోట్లో ఇంకో కిలో బొరుగులు పడతాయి.

కర్నూలు, ఇప్పుడు ఫ్రిస్కో:

కడ్డీలు పరిచి బాల్కనీలో పెట్టా, 8 వచ్చింది అన్నా. రాత్రి అమ్మకు ఫోన్ చేసి చెప్పాను. సెట్‌టాప్ బాక్స్, రిమోట్, వైరుతో సహా చీరల మధ్య సర్దేశారంట. రేపు తీయిస్తా.